లేని ఫ్యూజును కొలిచిన నక్క

వాగుకి ఈవల అడవి, ఆవల కోళ్ల గూళ్లు. అక్కడికి కరెంటు వచ్చి మూడేళ్లయింది. కరెంటు వెనకాలే ఇద్దరు వైరింగు పనివాళ్లు తయారయ్యారు. ఒకటి నక్క, రెండోవాడు గిజిగాడు. గిజిగాడి పనితనం సంగతి మీకు నేను చెప్పాలా? గడ్డిపోచలతో గూడు అల్లేవాడికి తీగ లాగడం ఒక లెక్కా! కానీ నాకు వాడి మీద గౌరవం వాడి ముక్కు చూసి కాదు, వాడి కాగితాలు చూసి. నవ్వకండి, చెబుతా వినండి.

పోయిన వానాకాలంలో ఒక గేదెదూడ తడిసిన గోడకి ఆనుకుని షాకు కొట్టించుకుంది. చావు తప్పి బతికింది. దాంతో కరెంటు తనిఖీ చూసే ఎలుగుబంటి నిబంధనలు మార్చేసి చాటింపు వేయించింది. "ఆరుద్ర కార్తె మొదటి రోజు నుంచి తడి తగిలే చోట ఫ్యూజు తీగ పనికిరాదు. కరెంటు కాస్త పక్కకి పారినా దానంతటదే పడిపోయే ట్రిప్ స్విచ్చు పెట్టాలి. అది ఎంత వేగంగా పడిందో కొలిచి సర్టిఫికెట్లో రాయాలి. రాయని చోటికి కరెంటు లేదు!"

ఆ సాయంత్రమే గిజిగాడు తన దగ్గరున్న పాత ఫారాలన్నీ బయటికి తీశాడు. ఒక్కొక్కదాని మీద అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాశాడు. కొత్త నిబంధనల పుస్తకం తెచ్చుకుని, కొత్త ఫారం పక్కన పెట్టుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు.

అటుగా పోతున్న నక్క పకపకా నవ్వింది. "ఒరే గిజిగా, బంగారంలాంటి కాగితాలు పాడుచేస్తున్నావేంరా? కార్తె మారితే కరెంటు మారుతుందా?"

"కరెంటు మారదు బావా. పాత ఫారం చేతికి అందేలా ఉంటే తొందరలో దాన్నే నింపేస్తాను. నా మీద నాకు అంత నమ్మకం లేదు."

చూశారా! పనిమంతుడు తన మీద తనే కాపలా పెట్టుకుంటాడు. పని రానివాడికే ధీమా ఎక్కువ.

ఆరుద్ర వచ్చిన రెండో రోజు, వాగవతలి చుక్కలకోడి గిజిగాడి కోసం పరుగెత్తుకొచ్చింది. అది వాగొడ్డున చెమ్మ నేల మీద కొత్తగా పొదిగే గది కట్టించుకుంది. చుట్టుపక్కల తల్లులందరూ నమ్మి ఇచ్చిన నూట అరవై గుడ్లు, తన సొంతవి ఇరవై, అన్నీ తెచ్చి పెట్టుకుంది. పొదిగే పెట్టె కరెంటుతో నడుస్తుంది. వారంలోపు వేడి తగలకపోతే గుడ్లన్నీ మురిగిపోవడమే.

"ఎన్నాళ్లు పడుతుంది నాయనా?" అంది కోడి.

"మూడు రోజులమ్మా. తీగ లాగడానికొకటి, ట్రిప్ స్విచ్చు బిగించడానికొకటి, కాగితం రాయడానికొకటి."

"కాగితానికి ఒక రోజా!" కోడి ఎగిరిపడింది.

పొద చాటున చెవులు రిక్కించిన నక్క ముందుకొచ్చింది. "కోడి వదినా, వీడి చాదస్తం వింటే గుడ్లు కుళ్లిపోతాయి. నాకప్పజెప్పు. రేపు పొద్దు గుంకేలోపు పనీ కాగితమూ నీ చేతిలో పెడతా."

ఆలస్యం అమృతం విషం అనుకుంది కోడి. నక్కకే అప్పజెప్పింది. నేను దాన్ని తప్పుపట్టను, గుడ్లున్న తల్లి ఏం చేస్తుంది?

నక్క అన్న మాట ప్రకారమే ముగించింది. పాత అలవాటు కొద్దీ ఫ్యూజు తీగే పెట్టింది. ఇక సర్టిఫికెట్టు. పోయినేడు గిజిగాడు మేకల పాకకి రాసిచ్చిన సర్టిఫికెట్టు ఒకటి సంపాదించింది. వంక పెట్టలేని కాగితమది. దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి, పేరు మార్చి, కింద కొత్త తేదీ వేసింది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే.

మర్నాడు ఎలుగుబంటి వచ్చింది. గదిలోకి అడుగు పెట్టకుండా గుమ్మం ముందే నిలబడి కాగితం చదివింది.

"నక్కా, లోపల ఫ్యూజు ఉందా?"

నక్కకి చాటింపు గుర్తొచ్చింది. ఉందంటే కొంప మునుగుతుంది. "రామ రామ! కొత్త నిబంధన నాకు తెలీదా అయ్యగారూ? ట్రిప్ స్విచ్చే పెట్టాను."

"అలాగా! మరి 'ఫ్యూజు తీగ మందం కొలిచాను, సరిగ్గా ఉంది' అని రాశావేం?"

నక్క కాగితంలోకి తొంగిచూసింది. "అది... మామూలుగా రాసే మాటండీ..."

"లేని ఫ్యూజుని దేంతో కొలిచావురా? ఉంటే పని తప్పు. లేకపోతే కాగితం తప్పు. ఏది ఒప్పుకుంటావో నువ్వే తేల్చుకో."

కుడితిలో పడ్డ ఎలకలా గిలగిల్లాడింది నక్క. ఎలుగుబంటి లోపలికి వెళ్లి చూసింది, ఫ్యూజు పీకి బయట పారేసింది, నక్క లైసెన్సు లాక్కుని వెళ్లిపోయింది.

కోడి గిజిగాడి ముందు కూలబడింది. "నా బుద్ధి గడ్డి తింది నాయనా. ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. అందరి గుడ్లూ నా పాలబడి పోతాయి."

ఇంకొకరైతే నాలుగు దులిపేవారు. నేనైతే తప్పకుండా దులిపేదాన్ని. వాడు మాత్రం "తీగ చుట్ట ఎక్కడుందమ్మా?" అన్నాడు, అంతే.

రెండు రోజుల్లో తీగా స్విచ్చూ అయ్యాయి. మూడో రోజు వాడు కాగితం రాస్తుంటే చూడాలి! ఒక్కో గడి దగ్గర ఆగడం, ఎగిరి వెళ్లి స్విచ్చు నొక్కి చూడడం, కొలవడం, వచ్చి రాయడం. ముప్పై గళ్లకి ముప్పై సార్లు ఎగిరాడు. కాగితానికి రోజెందుకో కోడికి అప్పుడు తెలిసింది. సాయంత్రం ఎలుగుబంటి వచ్చి కాగితం చదివింది, గదంతా తిరిగింది, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పెట్టె వెచ్చబడింది.

రెండు వారాల తర్వాత కుండపోత. కప్పు కారి గోడలు తడిశాయి. కోడి కంగారుగా గుడ్ల మీద గోనె కప్పబోతూ తడి రెక్కతో నీళ్లు దిగిన తీగ అతుకుని తాకింది. టక్! స్విచ్చు పడిపోయింది. రెక్క జిల్లుమంది గానీ ఇంకేమీ కాలేదు. కోడి తన కాళ్లు తను చూసుకుని, గుడ్లు చూసుకుని, బావురుమంది. గిజిగాడు వానలోనే వచ్చి తీగ సరిచేశాడు. గుడ్లు చల్లారకముందే పెట్టె మళ్లీ వెచ్చబడింది. ఇరవై ఒకటో రోజున గదంతా కిచకిచలే.

ఆ సందడి వినలేక నక్క గిజిగాడిని నిలదీసింది. "నీ కాగితంలో మాటలే కదరా నేను రాసింది? ఒక్క అక్షరం మార్చానా? పోయినేడు నీకు చెల్లినవి ఈ ఏడు నాకెందుకు చెల్లలేదు?"

"తేదీ మార్చావుగా బావా," అన్నాడు గిజిగాడు.

నక్క తోక ముడుచుకుని, ఆ కొత్త పుస్తకం చదివిస్తావా అని అడిగింది.

ఇందులో మనం తెలుసుకోవాల్సింది ఒక్కటే: నిన్నటి నిజం కింద ఇవాళ్టి తేదీ వేస్తే అది అబద్ధమైపోతుంది.