గీతకు ఇవతలి కూత

గున్నయ్య మాస్టారు అడిగినదానికి నోటితో జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాక శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల పక్కన కాస్త ఇసుక చదును చేయించి ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నారు. ఎవరైనా వెళ్లి ‘ఇది ఎందుకిలా మాస్టారూ’ అంటే, మెడలో వేలాడే విజిల్ తీసి నోట్లో పెట్టుకుంటారు. ఆ తరవాత అడిగినవాళ్ల ఒంటికి ఇసుక అంటడం ఖాయం. అందుకే సందేహాలున్నవాళ్లెవరూ ఆయన దగ్గరికి ఇస్త్రీ బట్టలతో వెళ్లరు.

సనపల హైమావతి ఆ సంగతి మరిచిపోయి, నలగని చుడీదారులో వచ్చింది. ఒకప్పుడు ఆ ఇసుకలోనే పొర్లి రాష్ట్ర జట్టు దాకా వెళ్లిన మనిషి. ఆట మానేశాక హైదరాబాదులో ఒక టీవీ చానల్ వాళ్లు ఆమెను పిలిచి ‘ఆటా వేటా’ అనే చర్చా కార్యక్రమంలో కుర్చీ వేశారు. ఇల్లు గడిచేది ఆ కుర్చీ మీదే.

ఆ కార్యక్రమం మీరూ చూసే ఉంటారు, లేదా అలాంటిదే మరొకటి. తెర మీద నాలుగు కిటికీలు, కిటికీకొక మనిషి, అడుగున మంటల బొమ్మ. ఎవరు ఏ పక్షమో మేకప్ గదిలోనే పంచేస్తారు. నిన్న నెత్తిన పెట్టుకున్న ఆటగాణ్ణే ఇవాళ దుమ్మెత్తిపోయమంటే పోయాలి. మొదట్లో జనం విరగబడి చూశారు. టిఫిను హోటళ్లలో దోసె చల్లారిపోతున్నా తెర వంకే చూసేవారు. ఇప్పుడు అదే హోటళ్లలో ఆ నలుగురి నోళ్లూ నొక్కేసి పాత పాటలు పెట్టుకుంటున్నారు. నన్నడిగితే ఆ హోటళ్లవాళ్లకు దండం పెట్టాలి. కానీ నన్నెవరూ అడగరు, చానల్ వాళ్లు అసలే అడగరు. చూసేవాళ్లు తగ్గినకొద్దీ వాళ్లు గొంతు పెంచారు, గొంతు పెరిగినకొద్దీ చూసేవాళ్లు ఇంకా తగ్గారు.

హైమావతి మాస్టారి కాళ్లకు దండం పెట్టి, అడగదలచుకున్నది అడిగింది.

“ఒకప్పుడు మా మాట కోసం కాసుకు కూర్చున్న జనమే ఇప్పుడు మొహం తిప్పేసుకుంటున్నారు మాస్టారూ. మేం చేసేది అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. ఎందుకిలా అయింది?”

మాస్టారు ఆమె మొహంలోకి చూశారు. అసలు సంగతి అది కాదని ఆయనకు తెలిసిపోయింది. ఆమే తల వంచుకుని చెప్పింది. మొన్నటి ఫైనల్లో చివరి రైడుకు వెళ్లి పట్టుబడిన ఢిల్లేశ్వరి కావాలనే ఓడిపోయిందనీ, మ్యాచ్‌ను అమ్ముకుందనీ రేపటి చర్చలో హైమావతి చేత అనిపించాలని చూస్తున్నారు. నిర్మాత విశ్వజిత్ ఆ మాటే చెప్పాడు. ‘మీరూ ఆ గ్రౌండు నుంచే వచ్చారు కాబట్టి మీ నోట వస్తే పేలుతుంది’ అన్నాడు. అనకపోతే కుర్చీ పోతుంది. అంటే ఢిల్లేశ్వరి బతుకు పోతుంది. జాతీయ శిబిరానికి పిల్లల్ని ఎంపిక చేసే సమయం అది. అలాంటి మచ్చ ఒకసారి పడితే ఎవరు తుడుస్తారు?

ఆ ఢిల్లేశ్వరి అప్పుడు కోర్టు అవతలి మూల నిలబడి జడ బిగించి కట్టుకుంటోంది. ఆమెకు ఇదేమీ తెలియదు. హైమప్ప వచ్చిందని సంబరంగా చెయ్యి ఊపింది. అక్కడ అక్కను అప్ప అంటారు.

మాస్టారు విజిల్ ఊదారు. పిల్లలందరూ అవతలి కోర్టులో వరసకట్టారు. ఆయన హైమావతిని తెచ్చి నడిమి గీత దగ్గర నిలబెట్టారు.

“కూత పెట్టు. గీత మాత్రం దాటకు.”

“దాటకుండా కూతేంటి మాస్టారూ?”

“నాను సెప్పినట్టు సెయ్యి.”

హైమావతి చెప్పులు విడిచి గీతకు ఇవతల నిలబడి ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ మొదలుపెట్టింది. ఎన్నాళ్లయినా ఆ గొంతు గొంతే. అవతల పిల్లలు చటుక్కున చేతులు కలిపి గొలుసు కట్టారు, మోకాళ్లు వంచారు, కళ్లన్నీ ఆమె పాదాల మీదే పెట్టారు. పేరున్న మనిషి రైడుకు వస్తోందంటే అంతేగా మరి. ఆమె గీత వెంబడే ఇటు పరుగెత్తింది, అటు పరుగెత్తింది. తొడ చరిచింది. ఊపిరి అయిపోవచ్చింది.

“అయిపోతే మల్లా తీసుకో,” అన్నారు మాస్టారు. “గీతకి ఇవతల నిన్ను అడిగీవోలెవులు? ఇంకా గట్టిగా.”

ఆమె ఊపిరి పీల్చుకుని ఇంకా గట్టిగా అందుకుంది. అవతల మూలనున్న పిల్ల గొలుసు వదిలి కాలిలో గుచ్చుకున్న సరుగుడు కాయ తీసుకోసాగింది. ఇంకొకతె నడుం నిమురుకుంది. మూడో పిల్ల పక్కదానితో ఏదో గుసగుసలాడితే ఆ పక్కది పకపకా నవ్వింది. హైమావతికి రోషం వచ్చింది. వేలెత్తి చూపిస్తూ, గుడ్లురుముతూ, కంఠనాళాలు తెగేలా కూత పెట్టింది. మనకు రోజూ టీవీలో కనబడే మొహమే అది. దాంతో ఇద్దరు పిల్లలు కుండ దగ్గరికి మంచినీళ్లకు పోయారు. వాళ్ల వెనకే మరో ఇద్దరు. ఒకతె అక్కడే ఇసుకలో చతికిలబడి ఆవులించింది. మాస్టారు ఎవరినీ మందలించలేదు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని సముద్రం కేసి చూస్తున్నారు.

అవతల ఒక్క పిల్లే మిగిలింది. ఢిల్లేశ్వరి మోకాళ్లు వంచి, చేతులు చాచి, హైమావతి పాదాల మీద నుంచి చూపు తిప్పకుండా అలాగే కాచుకుని ఉంది.

“నువ్వూ పోయి కూర్చోవే,” అంది హైమావతి రొప్పుతూ.

“నువ్వు కూత పెడతన్నావు గదప్పా,” అంది ఢిల్లేశ్వరి. “నువ్వు వస్తావు గదా.”

హైమావతి మాట ఇంకా మాటేనని నమ్మే మనిషి లోకంలో ఒక్కతె మిగిలింది, ఆ ఒక్కదాన్నే రేపు బజారున పెట్టాలి. ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన ఇటు తిరగలేదు. అప్పుడిక ఎవరి సెలవూ అడగకుండా, గుండెల నిండా ఊపిరి పీల్చి గీత దాటింది.

ఆవులించిన పిల్ల ఎగిరి లేచింది. నీళ్లు తాగుతున్నవాళ్లు చెంబులు పడేసి పరుగెత్తుకొచ్చారు. కూత నిజమైనదని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. హైమావతి ఒకతెను ముట్టింది, రెండోదాని చేతిలోంచి జారింది. వెనక్కి తిరిగేలోగా ఢిల్లేశ్వరి నేల మీదికి దూకి ఆమె మడమ దొరకబుచ్చుకుంది. మిగతావాళ్లందరూ మీద పడ్డారు. నలగని చుడీదారు ఇసుకపాలయింది. గీత చేతికి బెత్తెడు దూరంలో ఉండగా ఊపిరి తెగిపోయింది.

అందరూ నవ్వుతూ లేచారు. హైమావతి లేవలేదు. మడమ ఇంకా ఢిల్లేశ్వరి చేతిలోనే ఉంది.

“ఢిల్లీ, ఫైనల్ మ్యాచ్ నువ్వు అమ్ముకున్నావని రేపు టీవీలో నన్ను చెప్పమన్నారే.”

నవ్వులు ఆగిపోయాయి.

“నువ్వేటన్నావప్పా?”

“ఆలోచిస్తానన్నాను.”

ఢిల్లేశ్వరి ఏడవలేదు, అరవలేదు. పట్టుకున్న కాలిని మెల్లగా వదిలేసి, చేతికంటిన ఇసుక దులుపుకుంది. ఆ వదలడం హైమావతి ఓర్చుకోలేకపోయింది. తిట్టినా బాగుండును అనుకుంది.

లేచి వెళ్లి, గట్టున పెట్టిన సంచిలోంచి ఫోను తీసి విశ్వజిత్‌కు చేసింది. అందరూ వినేలా స్పీకరు పెట్టింది.

“విశ్వజిత్ గారూ, రేపు వస్తాను. అది డూ ఆర్ డై రైడని చెబుతాను. అంతకు ముందు రెండు రైడ్లు ఖాళీగా పోయాయి. పాయింటు తేకుండా తిరిగొస్తే ఎలాగూ అవుటే. అందుకే ఆ పిల్ల లోపలిదాకా వెళ్లింది, అవతలివాళ్లు బాగా పట్టారు. నేను చూసింది ఇదీ.”

“ఇందులో చర్చ ఎక్కడుందండీ?” అన్నాడతను విసుగ్గా. “సమర్థించడానికి ఆ పక్క కుర్చీలో ఇంకొకాయన ఉన్నాడుగా. మీరు వ్యతిరేక పక్షం. మనస్ఫూర్తిగా చెప్పమని మిమ్మల్ని ఎవరన్నారు?”

హైమావతి మొహం ఎర్రబడింది. ఇన్నేళ్లుగా చానల్ కోసం సాపు చేసుకున్న భాష అక్కడితో సరి.

“అలాగైతే నాను సెప్పను. ఆ పిల్ల అమ్ముడుపోనేదు. నా నోటంట ఆ మాట అనిపించడం నీ వల్ల కాదు, నీ యజమాని దిగొచ్చినా కాదు. ఇంకెవుల సేతనైనా అనిపించినావా, ఊరూరా తిరిగి అది అబద్దమని సెప్తాను. నాకు గొంతుంది, అరవడం నువ్వే నేర్పినావు.”

“మరి కుర్చీ?”

“నువ్వే కూకో.”

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు అందరికీ వినిపించింది. పిల్లలు ఉన్నవాళ్లు ఉన్నట్టే నిలబడి ఉన్నారు. ఒక్కతె కూడా అటూ ఇటూ కదల్లేదు. హైమావతి ఫోను సంచిలో పడేసింది. వచ్చే నెల ఇంటద్దె, స్కూల్లో చదువుతున్న కూతురు, ఇంట్లో చెప్పుకోవాల్సిన సమాధానం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు. ఢిల్లేశ్వరి దగ్గరకొచ్చి ఆమె వీపుకంటిన ఇసుక దులపసాగింది.

“పట్టుబడిపోయాను మాస్టారూ,” అంది హైమావతి. నవ్వబోయింది గానీ సగమే వచ్చింది.

గున్నయ్య మాస్టారు విజిల్ నోట్లోంచి తీశారు.

“గీత దాటినోల్నే గదమ్మా పట్టుకుంతారు,” అన్నారు.