కార్డు చెరపనన్నది

కోనంగిపాలెం ఆడవాళ్లకు అన్యాయం జరిగింది పోయిన శ్రావణంలో. వీధికి కుళాయి వేయిస్తానని ప్రెసిడెంటు వీర్రాఘవయ్య సభలో చెప్పి, వచ్చిన పైపుల్ని తన చేపల చెరువుకు వేయించుకున్నాడు. అడిగితే "నేనెప్పుడన్నాను?" అన్నాడు. మతిమరుపు కాదు, బరితెగింపు.

ఆ సభను వీడియో తీసింది, పెళ్లిళ్లకు కెమెరా పట్టే దుర్గాలు. ప్రెసిడెంటు ఆమె కొట్టుకొచ్చి, "ఏమే, అది నా ముందే చెరిపెయ్!" అన్నాడు.

మెమరీ కార్డు పక్కన బుల్లి మీట ఉంటుంది. దాన్ని కిందికి నెడితే కార్డు ఉన్నది చూపిస్తుందేగానీ దేన్నీ చెరపనివ్వదు. దుర్గాలు దాన్ని గోటితో నెట్టి, కార్డును కెమెరాలో పెట్టి, చెరిపే బటన్ నొక్కింది.

"చెరిగిందో లేదో చూద్దామండీ," అని కొట్టు ముందున్న టీవీకి కలిపింది.

"వీధివీధికీ కుళాయి!" టీవీలో ప్రెసిడెంటు గర్జించాడు. బజారంతా ఆగింది.

"మళ్లీ చెరుపు!"

మళ్లీ చెరిపింది, మళ్లీ పెట్టి చూసింది. ఈసారి బిందెలతో ఆడవాళ్లూ చేరారు. కార్డు లాక్కోబోయిన ప్రెసిడెంటు చేతికి బిందెలు అడ్డొచ్చాయి.

"ఈ కార్డు రోగానికి మందే లేదా?"

"ఉందండీ. కుళాయి వేయించండి. అన్న మాట నిజమైతే ఇక చెరపడమెందుకు?"

"వేయించకపోతే?"

"చెరిగిందేమోనని రోజూ ఇక్కడే పెట్టి చూస్తుంటానండీ."

వీధి కుళాయిలో నీళ్లు పడ్డది ఆశ్వయుజ బహుళ తదియ, బుధవారం పొద్దున.