కాటుక తవ్విన చెలమ

ఇప్పలకోన అడవిలో ఎర్రవాగుకు ఈవల దుప్పులు, ఆవల అడవిపందులు ఉండేవి. దుప్పిపిల్లలకు పాఠం చెప్పేది పొడలయ్య అనే ముసలి దుప్పి. ఏటా తొలివాన పడగానే పిల్లలను చదునుబండ దగ్గర కూర్చోబెట్టి మంద చరిత్ర చెప్పేవాడు. మగపిల్లలు ముందు, ఆడపిల్లలు వెనక.

"పూర్వం పెద్ద కరువొచ్చింది. మన నాయకుడు కొమ్ములతో ఈ బండను కొట్టాడు. నీళ్లు ఎగజిమ్మాయి. మంద బతికింది."

ఒక ఏడు ఆయన మనవరాలు తొలకరి వెనక నుంచి లేచింది.

"తాతా, అప్పుడు ఆడవాళ్లు ఎక్కడున్నారు?"

"వెనక నిలబడి చూశారమ్మా."

"అంతసేపూ చూస్తూనే ఉన్నారా? కాళ్లు నొప్పి పుట్టలేదా?"

పిల్లలు గొల్లున నవ్వారు. "కూర్చో!" అని కసిరాడు పొడలయ్య. ఆ పూట ఆయనకు మేత సయించలేదు.

ఆయనకు నిజం తెలుసు. ఆ కరువునాటికి ఆయన పాలు తాగే పిల్ల. ఆవలి గట్టు నుంచి కాటుక అనే ఆడపంది వచ్చి, వాగు ఇసుకను మూతితో తవ్వి చెలమ తీసింది. ఆ నీళ్లు తాగే ఆయన తల్లి బతికింది; ఆ సంగతి ఆమే చెప్పింది. ఆయన పాఠాలు మొదలుపెట్టిన రోజున నాయకుడు పిలిచి, "అది అవతలి గట్టుది. నల్లది. పైగా ఆడది. దాని పేరు మన పిల్లలు తలుచుకోవాలా?" అన్నాడు. పొడలయ్య తల ఊపాడు. చేసిన పాపమల్లా ఆ తల ఊపడమే.

మళ్లీ కరువొచ్చింది. వాగు ఎండింది. పాత నాయకుడి కొడుకు శిఖరుడు మగదుప్పులన్నిటినీ బండ దగ్గరికి తోలాడు.

"మా నాన్న కొట్టింది ఇక్కడే! కొట్టండి!"

రెండు రోజులు కొట్టాయి. కొమ్ములు విరిగాయి. బండ తడవనైనా లేదు. చెలమ ఏ వంపులో ఉండేదో పొడలయ్యకు గుర్తు లేదు. ఎవరూ చెప్పుకోని చోటు ఎవరికి గుర్తుంటుంది? ఇన్నేళ్లు చెప్పింది అబద్ధమని ఒప్పుకోవడానికి నోరూ రాలేదు.

మూడో రోజు తొలకరి కూలబడింది. అప్పుడు పొడలయ్య వాగు దాటాడు. అక్కడ పందులు తమ వైపు తవ్వుకున్న చెలమ చుట్టూ చేరి నీళ్లు తాగుతున్నాయి. కాటుక కూతురు దుంపమ్మ తలెత్తింది.

"రా మామా. ఇన్నాళ్లకు దారి దొరికిందా?"

"మీ అమ్మ తవ్విన చోటు చూపించు తల్లీ."

"మీ వైపు నేరేడు చెట్టు కిందే. మా పిల్లలకు నడక రాగానే ఆ చోటు ఇక్కడి నుంచే చూపిస్తాం. మీ పిల్లలకు నువ్వేం చూపించావు?"

దుంపమ్మ దెప్పి ఊరుకోలేదు, వెంటనే వచ్చి తవ్వింది. నీళ్లు ఊరాయి. మంద బతికింది. తొలకరి పెదవికి తడి అందేసరికి ఊపిరి లేదు.

మరుసటి ఏడు తొలివానకు పాఠం చెలమ దగ్గర జరిగింది. మగపిల్లలు, ఆడపిల్లలు, పందిపిల్లలు అంతా ఒకే వరుస. విరిగిన కొమ్ములతో శిఖరుడూ వచ్చి కూర్చున్నాడు. పొడలయ్య కాటుక పేరు చెప్పి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెప్పి ఆగాడు. ఆయన కళ్లు అలవాటుగా తొలకరి కోసం వెనక్కి వెళ్లాయి.

అక్కడ ఎవరూ లేరు.

నీతి: ఆడదనీ, అవతలిదనీ, రంగు వేరనీ మేలు చేసినవారి పేరు చరిత్రలోంచి కొట్టేస్తే, ఆ అబద్ధానికి బలయ్యేది మన పిల్లలే.