రెండో గీత

పిల్లలూ, ఈ కథ మీరు ఇంతవరకూ వినలేదు. ఇది మనకు తెలిసిన అడవుల్లో జరిగింది కాదు. దగ్గరగా జరిగి కూర్చోండి.

అనగనగా సముద్రానికి అవతల ఒక అడవి. ఏడాదిలో సగం రోజులు మంచు కురిసే అడవి. ఎండలు కాసే దేశం నుంచి రంగి అనే వడ్రంగిపిట్ట ఆ అడవికి కొత్తగా పనికి వచ్చింది. వెంట ఇద్దరు పిల్లలు. వాళ్లకింకా రెక్కలు ముదరలేదు.

రంగి పని చెట్లను కొట్టి చూడటం. ముక్కుతో టకటక కొట్టి, చెవి పెట్టి వినాలి. చెట్టు గట్టిదైతే బెరడు మీద గీత గీయాలి. డొల్లదైతే వదిలేయాలి. గీత చూసుకునే ఆ అడవిలో అందరూ గూళ్లు కట్టుకుంటారు.

పనిలో పెట్టుకున్న గుడ్లగూబ పెద్దావిడ ముందే కచ్చితంగా చెప్పింది.

"ఒక్క చెట్టు తప్పు చెప్పినా ఒక ఇల్లు కూలిపోతుంది. పని బాగుంటే ఉంటావు. లేకపోతే వెళ్లిపోవాలి."

ఆ చలిలో, ఆ పిల్లలతో మళ్లీ సముద్రం దాటడమంటే ఏమిటో రంగికి తెలుసు. ఇద్దరూ మిగలకపోవచ్చు. అందుకే ఆమె అందరినీ ఓరకంట కనిపెట్టడం మొదలుపెట్టింది. తను రాగానే పిట్టలు మాటలు ఎందుకు ఆపేస్తున్నాయి? అంతగా నవ్వుకోవడానికి ఏముంది? ఒక పొద్దున ఎవరో గూటి ముందు దేవదారు గింజలు పెట్టి వెళ్లారు. రంగి వాసన చూసింది.

"ముట్టుకోకండి," అని పిల్లలకు చెప్పి, అన్నింటినీ కిందికి తోసేసింది.

పనిలోకి దిగిన మొదటి రోజు రంగి ఒక చెట్టు కొట్టి, గీత గీసి, పక్క చెట్టుకు ఎగిరింది. వెనక నుంచి టకటక వినిపించింది. తిరిగి చూస్తే బిర్కు. ఆ అడవిలోనే పుట్టిన బూడిదరంగు వడ్రంగిపిట్ట. రంగి చూసిన చెట్టునే మళ్లీ కొట్టి చూసి, ఆమె గీత కింద ఇంకో గీత పెట్టాడు.

"ముక్కు పదును పెట్టుకుంటున్నాడేమోలే," అనుకుంది రంగి.

రెండో రోజు కొమ్మ చాటున దాక్కుని చూసింది. బిర్కు వచ్చాడు. కొట్టాడు. విన్నాడు. గీత పెట్టాడు.

ఆ అడవిలో రంగి దేశం నుంచి వచ్చిన గోరింక ఒకతి ఉంది. రంగి నేరుగా ఆమె దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, మన దగ్గర ఒకరు చూసిన చెట్టును ఇంకొకరు కొట్టి చూస్తే ఏమంటారు?"

"ఏమనడమేమిటే! నీ పని మీద నమ్మకం లేదనేగా అర్థం? మా మేనమామైతే అలాంటివాడి తోక ఈకలు పీకి చేతికిచ్చేవాడు."

"ఇక్కడ ఒకడు రోజూ అదే చేస్తున్నాడు. నా గీత కింద గీత పెడుతున్నాడు."

గోరింక కళ్లు గుండ్రంగా తిప్పింది. "అయిపోయింది! పెద్దావిడకు చూపించడానికి నీ తప్పులు గుర్తు పెట్టుకుంటున్నాడమ్మా."

"పోయి అడగనా?"

"అడుగు, అడుగు! ఏమీ తెలియనిదానివని అడవంతా చాటుకో. నన్ను చూడు, మూడు చలికాలాలు గడిపాను. ఎవర్నీ ఒక్క ముక్క అడగలేదు."

మూడో రోజు తెల్లారీ తెల్లారకముందే రంగి పనిలోకి దిగింది. బిర్కు రాకముందే ముగించేయాలని ఆమె పట్టుదల. ఒక పెద్ద దేవదారు కింద తల్లి ఉడుత ముగ్గురు పిల్లలతో చలికి వణుకుతూ ఎదురుచూస్తోంది. రంగి చెట్టును కొట్టింది. ఠంగుమని గట్టిగా పలికింది. గీత గీసింది.

"రెండో గీత ఏదమ్మా?" అంది ఉడుత.

రంగికి ఒళ్లు మండింది. అంటే ఈ ఉడుతకు కూడా తెలుసన్నమాట! అందరూ కలిసే ఇదంతా చేస్తున్నారన్నమాట!

ఆ గీతకు అర్థమేమిటో రంగికి తెలియదు. అడగాల్సింది. అడగలేదు. ముక్కు ఎత్తి, తన గీత కిందే సర్రున ఇంకో గీత లాగింది.

"ఇదిగో. చాలా?"

"చాలు తల్లీ, నీ కడుపు చల్లగా!" అంటూ ఉడుత పిల్లల్ని తీసుకుని పైకెక్కింది.

మూడు రోజులకు ఎండ వచ్చింది. దేవదారు మీదుగా పోతున్న రంగికి టప్, టప్ అని వినిపించింది. వాలి చెవి పెట్టింది. చెట్టు లోపల నీళ్లు కారుతున్నాయి. ముక్కుతో కొట్టింది. డబ్, డబ్ అంది చెట్టు. డొల్ల! లోపలి నీళ్లు గడ్డకట్టి ఉండటం వల్లే ఆ రోజు గట్టిగా పలికింది. రంగి పుట్టిన దేశంలో చెట్టు లోపల నీళ్లు గడ్డకట్టడమే ఉండదు. ఆ మోసపు మోత ఆమె ఎన్నడూ వినలేదు.

అప్పుడే అటుగా వచ్చిన గోరింక సంగతి తెలుసుకుని గొంతు తగ్గించింది.

"గీతల మీద నీ పేరు రాసి ఉందా ఏం? నోరు మూసుకో. చెట్టు కూలితే గాలికి పడిందనుకుంటారు."

రంగి పైకి చూసింది. కొమ్మల మధ్య మూడు బుల్లి తోకలు ఆడుతున్నాయి. ఆమెకు తన పిల్లలు గుర్తొచ్చారు, పని గుర్తొచ్చింది, సముద్రం గుర్తొచ్చింది. మరుక్షణం బిర్కు దగ్గరికి దూసుకుపోయింది.

"బిర్కుగారూ! ఆ పెద్ద దేవదారు డొల్ల. రెండు గీతలూ నావే. త్వరగా రండి!"

బిర్కు ఒక్క ప్రశ్న వేయలేదు. వచ్చి, ఒక్కసారి కొట్టి విని, "దిగండి! అందరూ దిగండి!" అని అరిచాడు.

తల్లి ఉడుత ఒక పిల్లను నోట కరచుకుని పక్క చెట్టు మీదికి దూకింది. రెండో పిల్లకోసం వచ్చింది. మూడో పిల్లతో దూకుతుండగా చెట్టు నడిమికి ఫెళ్లున విరిగింది. చలికాలానికని దాచుకున్న కాయలన్నీ మొద్దు కింద నుజ్జయ్యాయి.

గుడ్లగూబ నిద్రకళ్లతో వచ్చి, సంగతి విని రంగిని అడిగింది. "రెండో గీత నువ్వెందుకు పెట్టావు?"

"నామీద నిఘా పెట్టారనుకున్నాను," అంది రంగి.

"నిఘానా?" అన్నాడు బిర్కు. "ఇక్కడ ఏ చెట్టునైనా ఇద్దరు వినాలండీ. మీ చెట్లు నేను వింటాను, నా చెట్లు మీరు వినాలి. మీరు ఒక్కసారీ రాలేదు. నా గీతలు ఒంటిగా ఉండిపోయాయి. నేనంటే మీకు పడదేమోనని అడగలేకపోయాను."

"ఇద్దరు వినాలా! మూడు చలికాలాల్లో నాకెవరూ చెప్పలేదే!" అని గొణిగింది గోరింక.

గుడ్లగూబ రంగి వైపు తిరిగింది.

"నీకూ తెలుసనుకున్నాను. చెప్పకపోవడం నా తప్పు," అంది. "ఆ రెండో గీత మాత్రం నీ తప్పే. పిల్లలున్నదానివి, చలికాలంలో నిన్ను పొమ్మనను. కానీ వసంతం వచ్చేదాకా నువ్వు మొదటి గీత గీయకూడదు, బిర్కు చూసిన చెట్లనే విని రెండో గీత పెట్టాలి."

రంగి తల వంచుకుని ఉడుత ముందుకు వెళ్లి నిలబడింది. ఉడుత పిల్లల్ని తోకతో కప్పుకుని కూర్చుని ఉంది.

"పిల్లలు దక్కారు," అంది ఉడుత. "ఈరోజుకు నా నోట ఆ ఒక్క మాటే వస్తుంది. క్షమించమని అప్పుడే అడగకు."

నీతి: అనుమానం వస్తే ఎవరి మీద వచ్చిందో వాళ్లనే అడగాలి. తెలియదని ఒప్పుకుంటే పోయేది ఏమీ లేదు, తెలిసినట్టు నడుచుకుంటే పక్కవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది.

పిల్లలూ, కొత్త చోట ఎవరైనా బిక్కుబిక్కుమంటూ నిలబడి కనిపిస్తే, పక్కన కూర్చుని వాళ్లకు ఈ కథ చెప్పండి.