పూరేడు పిట్ట, గండుచీమల కాపలా

దగ్గరకు రండి పిల్లలూ. వెనకాల వాళ్లు కూడా ముందుకు జరగండి. చాప చాలకపోతే సర్దుకుని కూర్చోండి.

నల్లమద్ది అడవిలో కుందేళ్లు, ముంగిసలు, డేగలు ఉండేవి. అడవి అంచున ఒక అలసంద చేను. ఆ చేలో ఒక పూరేడు పిట్ట కాపురం. దాని పిల్లలకు ఇంకా ఎగరడం రాదు. అలసంద ఆకుల నీడ ఉన్నంతవరకే అవి డేగ కంట పడకుండా బతుకుతాయి.

ఒకనాడు ఆ ఆకులు ముడుచుకుపోవడం మొదలైంది. చూస్తే తీగల నిండా నల్లటి పేనుబంక పురుగు! మొక్కల రసం పీల్చి పీల్చి బలుస్తోంది. పూరేడు ముక్కుతో పొడిచింది. పొడిచిన దానికంటే తెల్లారేసరికి ఎక్కువ పుట్టింది.

తీగల మీద గండుచీమలు బారులుగా తిరుగుతున్నాయి. "చీమన్నా, నువ్వైనా నా చేను కాపాడు" అంది పూరేడు.

"భయమెందుకు పూరేడమ్మా! రాత్రీ పగలూ మావాళ్లదే కాపలా. ఈ తీగ మీద ఈగను కూడా వాలనివ్వం. మాలాగా కష్టపడే జాతి అడవిలో ఇంకోటుందా?" అంది చీమల పెద్ద, మీసాలు తిప్పుతూ.

అంతలో ఒక బుల్లి జాతి కందిరీగ వచ్చింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. చీమలు తరిమాయి. మళ్లీ వచ్చింది. మళ్లీ తరిమాయి. రెక్క చిరిగినా మళ్లీ వచ్చింది.

"సిగ్గులేదూ నీకు?" అని కసిరింది పూరేడు.

"సిగ్గుపడితే నీ చేను మిగలదక్కా. ఆ చీమలు ఏం చేస్తున్నాయో ఒక్కసారి తేరిపార చూడు."

పూరేడు చూసింది. ఒక చీమ పేనుబంక పురుగు వీపు నిమిరింది. దాని వెనక నుంచి తియ్యటి బొట్టు ఊరింది. చీమ ఆ బొట్టు చప్పరించింది.

"మీ కాపలా చేనుకా, పేనుబంకకా?" అని నిలదీసింది పూరేడు.

చీమల పెద్ద పకపకా నవ్వింది. "చేను ఎండితే మాకేం? ఇవి మా పాడి పశువులు. ఇంకో చేనుకు తోలుకుపోతాం!"

పూరేడు ఒక్క గెంతున ముందుకు దూకింది. తీగ మొదట్లో నిలబడి, ఎక్కబోయిన ప్రతి చీమనూ ముక్కున కరిచి మింగింది. పూరేళ్లకు చీమలంటే మహా ఇష్టమన్న సంగతి ఆ పెద్దకు అప్పుడు గుర్తొచ్చింది! ఈలోగా కందిరీగ ఒక్కో పేనుబంక పురుగులో ఒక్కో గుడ్డు పెట్టుకుంటూ పోయింది.

కొద్ది రోజులకు పేనుబంక ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, ఆకులకు అతుక్కుపోయింది. "ఛీ, ఇదేం కొత్త తెగులు!" అని పూరేడు గోటితో గీరబోయింది.

"ఆగక్కా! అవి నా పిల్లల గూళ్లు! లోపల ఆ పురుగుల్నే తింటూ పెరుగుతున్నాయి!"

పూరేడు ఎత్తిన కాలు అలాగే ఆగింది. పైన డేగ గిరికీలు కొడుతోంది. నీడ పలచబడింది. అయినా పూరేడు ఆ గూళ్ల జోలికి పోలేదు. రెక్కలు చాచి తన పిల్లల్ని కప్పుకుని కూర్చుంది.

చివరికి ఒక్కో గూటికి గుండ్రటి చిల్లు పడింది. పిల్ల కందిరీగలు బిలబిలా బయటికొచ్చి చేనంతా కమ్ముకున్నాయి. మిగిలిన పేనుబంక కూడా వాటి పాలైంది. తీగలు కొత్త చిగుళ్లు వేశాయి. చీమల బలగంలో సగం పూరేడు కడుపులోకి పోగా, మిగతా సగం ఆకలికి ఓర్వలేక చేను విడిచిపోయింది. డేగ ఎన్నిసార్లు వంగి చూసినా దానికి పచ్చటి ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు.

ఇక లేవండి. ఇంటి దగ్గర అన్నాలు చల్లారిపోతాయి, వెళ్లి తినండి. దారిలో ఈ ఒక్క మాట తలుచుకుంటూ పోండి.

నీతి: ఎంత కష్టపడుతున్నారో కాదు, ఎవరి కోసం కష్టపడుతున్నారో చూసి నమ్మాలి.