రోజూ జరిగిన పరీక్ష

ఊరి పిల్లల కోసం వచ్చిన కంప్యూటర్లను పిల్లలే ముట్టకూడదన్నాడు ప్రెసిడెంటు సన్యాసినాయుడు. “కంప్యూటరు వచ్చినవాళ్లే ముట్టాలి. రానివాళ్లు ముడితే పాడైపోవూ?”

ఆ కంప్యూటర్ల కేంద్రం ఊడ్చే నూకాలమ్మ కూతురి మొహం చిన్నబోయింది. నూకాలమ్మ చీపురు పక్కన పెట్టింది.

“నిజమే బాబూ. మరి ఎవరికొచ్చో తెలియాలంటే కంప్యూటరు ముందు కూచోబెట్టి పరీక్ష పెట్టాలి కదా?”

“పెట్టమను. నేర్పడానికొచ్చిన టీచరమ్మ ఖాళీగానే ఉందిగా.”

“తప్పినోళ్లో?”

“మళ్లీ కూచుంటారు. నా ఊళ్లో ఎవరికీ అన్యాయం జరగదు!”

ఆ సాయంత్రం పిల్లలంతా తప్పారు. ఎక్కడ తప్పారో టీచరమ్మ దగ్గరుండి చూపించింది. మర్నాడు మళ్లీ కూర్చున్నారు. తర్వాత తల్లులూ వచ్చి తప్పడం మొదలుపెట్టారు.

వానలు వెలిసేసరికి నాయుడి అర్జీని నూకాలమ్మ కూతురే టైపు చేసిచ్చింది. “చూశావా, నా రూలు!” అన్నాడాయన మురిసిపోతూ.

“మంచి రూలు బాబూ,” అంది నూకాలమ్మ. దాన్ని మార్చమని ఎన్నడూ అడగకూడదనుకుంది. అడగలేదు.