వంక అవతలి రాయి

కంబగిరి స్వామిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడం తక్కువ. లేచి చెప్పులు వేసుకునేవాడు. ఆయన చెప్పులు వేసుకున్నాడంటే అడిగినవాడికి ఆ పూట కూడు ఆలస్యమని మఠంలో అందరికీ తెలుసు.

ఒక ఉదయం ఉరుకుందు అనే శిష్యుడు అడిగాడు: "మద్దిలేటయ్య మా ఊరి కోసం ప్రాణమిచ్చినాడు. మావోళ్లు ఆయన్ను అంత తొందరగా ఎట్లా మర్చిపోయినారు స్వామీ?"

అడిగే హక్కు అతనికి ఉంది. నడుమ వానాకాలంలో పారే ఒక వంక వాళ్ల ఊరిని పై వీధి, కింది వీధి అని విడదీసింది. పాత కక్షలు ఆ రెంటినీ రెండు దేశాలు చేసిపెట్టాయి. పై వీధివాడు బస్సెక్కాలంటే కింది వీధి దాటాలి. కింది వీధివాడు చేనికి పోవాలంటే పై వీధి దాటాలి. దాటినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం ఇంట్లోవాళ్లకు ఉండేది కాదు. సమితి ప్రెసిడెంటుగా గెలిచిన మద్దిలేటయ్య శాంతి మీద ఉపన్యాసాలివ్వలేదు. ఎవరు దాటాలన్నా కండువా దులిపి భుజాన వేసుకుని వాళ్ల ముందు నడిచేవాడు. చాలా ఏళ్లు ఆయన ముందర ఎవరూ చెయ్యెత్తలేదు. ఉరుకుందు జబ్బుపడిన తల్లిని ఆసుపత్రికి తీసుకుపోతున్న రోజున మాత్రం, అతని కోసం లేచిన వేటకొడవలి ముందు నడుస్తున్న ఆ పెద్దమనిషి మెడ మీద పడింది. ఆ తర్వాత ఉరుకుందు ఊరు విడిచి మఠానికి వచ్చేశాడు.

స్వామి చెప్పులు వేసుకున్నాడు. ఆ రోజు మద్దిలేటయ్య వర్ధంతి.

తీరా వెళ్లి చూస్తే ఊరు మరిచిపోనేలేదు. పై వీధిలో ఒక పందిరి, కింది వీధిలో ఒక పందిరి. రెండింటా ఒకే ఫోటో. ఈ మైకు గొంతు పెంచితే ఆ మైకూ పెంచుతోంది. పై వీధి పెద్ద సోమన్న "ఆయన మావాడు" అంటూ నిజంగానే ఏడ్చాడు. వంక అవతలి నుంచీ అదే మాట వినిపించింది.

పై వీధి పందిట్లో ముందు వరుసన మద్దిలేటయ్య భార్య ఈరమ్మ కూర్చుని ఉంది. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. చేతిలోని దండ ఫోటోకు వేయమంటే వేయలేదు.

"ఆయన పడినచోట రాయి పాతినారంట గదా. ఒక్కసారి తడిమి చూసుకుంటా. మళ్లీ ఏడాదికి ఉంటానో లేదో. ఎవరన్నా చెయ్యి పట్టుకుని వంక దాటించండి నాయనా."

సోమన్న కళ్లు తుడుచుకున్నాడు. "వంక దాకా వస్తాం పెద్దమ్మా. ఆ పైన మమ్మల్ని అడగొద్దు."

అన్నట్టే పందిరి పందిరంతా మర్యాదగా గట్టు దాకా వచ్చి ఆగింది. అవతలి గట్టు మీద కింది వీధివాళ్లూ వచ్చి ఆగారు. నడుమ ఉన్నది నాలుగడుగుల ఎండిన ఇసుక. ముసలామె చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

ఉరుకుందు ఆ చేతికి అందేంత దగ్గరలోనే ఉన్నాడు. స్వామి అతని వైపు చూశాడు. అతను ఇసుక వైపు చూశాడు. ఆనాడు కొడవలి ఎత్తినవాడి తమ్ముడు అవతలి గట్టు మీద నిలబడి ఉన్నాడు. భయం ఉత్తుత్తిది కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

"పక్కన ఎవరో ఉండారు. ఎవరు నాయనా?" అంది ఈరమ్మ.

అతను ఒకడుగు వెనక్కి జరిగాడు. స్వామే ఆమె చెయ్యి పట్టుకుని ఇసుకలోకి దిగాడు.

ఆమెను మళ్లీ ఇల్లు చేర్చి బయలుదేరేసరికి పొద్దు వాలింది. దారి పొడుగునా ఉరుకుందు తిట్ల కోసం ఎదురుచూశాడు. స్వామి తిట్టలేదు. అదే అతనికి మరీ కష్టమైంది. మఠం వాకిట్లో ఇక ఉండబట్టలేక అడిగాడు: "రాయి దగ్గర ఆమె ఏమనింది స్వామీ?"

"దండ వేసింది. చాలాసేపు తడుముకుంది. ఆ పొద్దు ఆయన వెనకాల నడిచిన పిల్లోడు బతికుండాడా అని అడిగింది."

"మీరేం చెప్పినారు?"

స్వామి చెప్పులు విడిచాడు.

"తెలీదని చెప్పినా."